ఇంటికి కావలి కాచే విద్యుద్వలయం

సంక్రాంతికి రెండు మూడు దినాల ముందు విశాఖపట్టణంలోని మద్దిలపాలెం కూడలి వద్ద నిలిచి చూచిన వారికి ఒక సంగతి తెలుస్తుంది. విజయనగరం, శ్రీకాకుళం వైపు పోయే బస్సులన్నీ క్రిక్కిరిసి ఉంటాయి. రేవులోను, ఉక్కు కర్మాగారంలోను, విశ్వవిద్యాలయంలోను ఉద్యోగాలు చేస్తూ ఇక్కడ కాపురమున్న కుటుంబాలు పండుగకు స్వగ్రామాలకు బయలుదేరుతాయి. వెనుక వీధులలో ఒక్కొక్క ఇంటికే తాళం పడుతుంది. ఇల్లు కాస్త కనిపెట్టి ఉండమని ప్రక్కింటి వారికి చెప్పి వెళ్ళడం పాత పద్ధతి. కాని ప్రక్కింటివారు కూడా ఊరికి వెళ్ళుతున్నారు గనుక ఆ పద్ధతి ఇప్పుడు అంతగా సాగదు. 2017లో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ తాళం వేసిన ఇళ్ళను కనిపెట్టేందుకు ఒక పథకం ప్రవేశపెట్టింది. ఊరికి వెళ్ళేవారు ముందుగా తెలియజేస్తే, ఇంటిలో కదలికను పసిగట్టే కెమేరాను పోలీసులు అమర్చే ఏర్పాటు అది. ఇదిగాక సొంత ఖర్చుతో అలారం పెట్టించుకొనేవారూ ఎందరో ఉన్నారు.

ఇటువంటి అలారం మొదట చిన్నదిగానే ప్రారంభమవుతుంది. వీధి తలుపుకు ఒక స్విచ్చి, పెరటి తలుపుకు ఒకటి, గదులలో కదలికను గుర్తించే పరికరాలు మూడు, గోడకు ఒక ప్యానెల్ పెట్టె, మీటలు నొక్కే ఫలకం, బయట ఒక సైరను. కొన్నాళ్ళకు మేడమీద గది కడతారు. డాబా తలుపు, మెట్ల ప్రక్క కిటికీ కూడా కాపలాలోకి వస్తే బాగుండుననిపిస్తుంది. ఏదైనా జరిగితే ఊరిలో ఉన్నవారి సెల్‌ఫోనుకు కబురు అందవలెనని తోస్తుంది. ఇందుకోసం పాత పెట్టెను పారవేయనక్కరలేదు. దానికి తగిలించే అదనపు భాగాలు బజారులో దొరుకుతాయి. వీటినే మాడ్యూళ్ళు అంటారు. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడే పచ్చని పలక. దాని అంచున తీగలు బిగించే మరలు ఉంటాయి.

తగిలించడం పెద్ద కష్టమేమీ కాదు. అయితే తగిలించిన తరువాత ఇల్లు మునుపటికన్న భద్రమైనదా, లేక అలారం ఎవరికీ తెలియకుండా చెవిటిదైనదా అన్నది తీగలు కలిపిన తీరునుబట్టి ఉంటుంది. దొంగ రాని రాత్రి అలారం మౌనంగా ఉంటుంది. చెడిపోయిన అలారం కూడా మౌనంగానే ఉంటుంది. ఈ రెండు మౌనాలకు గల భేదాన్ని యంత్రం తనంతట తాను ఎట్లా కనిపెడుతుంది? ఇందుకు కావలసిన భౌతికశాస్త్రం ఉన్నత పాఠశాలలో చెప్పే ఓమ్ సూత్రాన్ని దాటి పోదు.

తెరచిన వలయం, మూసిన వలయం

విద్యుత్తుతో పనిచేసే దొంగల గంటకు మొదటి పేటెంట్లలో ఒకటి 1853లో అమెరికాలో బోస్టన్ సమీపాన సోమర్‌విల్ నివాసి అగస్టస్ రస్సెల్ పోప్‌కు లభించింది. 1857లో ఎడ్విన్ హోమ్స్ అనే వర్తకుడు ఆ హక్కులు కొని, గంటలను అమ్మకానికి పెట్టాడు. పోప్ ఏర్పాటు సులభమైనది. తలుపు తెరచినప్పుడు రెండు లోహపు ముక్కలు ఒకదానినొకటి తాకుతాయి. వలయం పూర్తి అవుతుంది. విద్యుదయస్కాంతం సుత్తిని లాగి గంటను కొడుతుంది. వీధి తలుపు గంట పనిచేసేది కూడా ఇట్లాగే.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉన్నది. తలుపు మూసి ఉన్నంత సేపు వలయంలో ప్రవాహమే లేదు. అట్టి సమయంలో ఎలుక తీగను కొరికివేసినా, మర వదులై తీగ ఊడినా, దొంగ ముందుగానే వచ్చి దానిని కత్తిరించినా ఏ మార్పూ కనిపించదు. తరువాత తలుపు తెరచినా గంట మ్రోగదు. ఇది తెరచిన వలయం.

దీనిని తిరగవేస్తే మూసిన వలయం అవుతుంది. తలుపు మూసి ఉన్నంత సేపు స్విచ్చి కలిసి ఉండి, సన్నని ప్రవాహం ఎడతెగక సాగుతుంది. తలుపు తెరిస్తే ప్రవాహం ఆగిపోతుంది. ఆగగానే గంట మ్రోగుతుంది. ఇప్పుడు ఎలుక కొరికినా, మర ఊడినా, ఎవరైనా కత్తిరించినా ప్రవాహం ఆగుతుంది గనుక గంట మ్రోగక తప్పదు. రాత్రి గస్తీ తిరిగేవాడు గంటగంటకు కేక వేస్తూ పోవడం వంటిదే ఇది. కేక వినిపించినంత సేపు ఊరు నిద్రపోతుంది. వినిపించకపోతే లేచి చూస్తుంది.

దొంగ కూడా ఓమ్ సూత్రం చదువుకొని ఉండవచ్చును. అతడు తీగను కత్తిరించడు. రెండు తీగల పైతొడుగు గీకి, వాటిని ఒకదానికొకటి కలిపివేస్తాడు. అప్పుడు ప్రవాహం దగ్గరి దారిన తిరిగి వచ్చేస్తుంది. అవతల తలుపు తెరిచినా, ఊడబెరికినా ప్యానెల్‌కు తెలియదు. దొంగ దాకా పోనక్కరలేదు. మేకు కొట్టినప్పుడు రెండు తీగలు నలిగి కలిసిపోయినా ఇదే ఫలితం. మూసిన వలయం ఒక్కటే చాలదని దీనివలన తేలుతున్నది.

తీగ చివర ఒక నిరోధకం

దీనికి విరుగుడు కొద్ది రూపాయలు చేసే చిన్న నిరోధకం. తీగకు అవతలి కొసన, స్విచ్చి ప్రక్కనే దీనిని అమరుస్తారు. ప్యానెల్ ఇప్పుడు ప్రవాహం ఉన్నదా లేదా అని మాత్రమే చూడదు. ఎంత ఉన్నదో కొలుస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకొనవచ్చును. ప్యానెల్ లోపల 12 వోల్టుల సరఫరా, దానికి శ్రేణిలో 5.6 కిలో ఓముల నిరోధకం ఉన్నవనుకొందాము. బయట తీగ చివర కూడా 5.6 కిలో ఓముల నిరోధకమే పెట్టి, దానితో శ్రేణిలో తలుపు స్విచ్చిని కలపవలెను. మొత్తం నిరోధం 11.2 కిలో ఓములు. ప్రవాహం ఒక మిల్లీ ఆంపియరు కంటె కొంచెం ఎక్కువ. రెండు నిరోధకాలు సమానం గనుక 12 వోల్టులు సగానికి సగం పంచుకొంటాయి. ప్యానెల్ మరల మధ్య 6 వోల్టులు కనిపిస్తాయి. తలుపు తెరిస్తే వలయం తెగి 12 వోల్టులు కనిపిస్తాయి. తీగలు రెండూ కలిసిపోతే సున్న కనిపిస్తుంది. ఆరు ఉంటే క్షేమం. పన్నెండైనా, సున్న అయినా ఏదో జరిగినట్లు.

అయినప్పటికీ తలుపు తెరవడమూ, తీగ తెగడమూ రెండూ 12 వోల్టులే చూపుతున్నవి. ఇంటివారు మేలుకొని తిరిగే పగటివేళ అలారం విశ్రాంతిలో ఉంటుంది. తలుపు ఎన్నిసార్లు తెరిచినా పట్టించుకోదు. పనివాడి వేషంలో వచ్చినవాడు ఆ వేళలో తీగను కత్తిరించిపోతే అది కూడా తలుపు తెరచినట్లే కనిపించి ఊరుకుంటుంది. కాబట్టి మరొక 5.6 కిలో ఓముల నిరోధకాన్ని తెచ్చి, స్విచ్చికి సమాంతరంగా, అనగా దాని రెండు కాళ్ళకు అడ్డంగా కలుపుతారు. తలుపు మూసి ఉంటే ప్రవాహం స్విచ్చి గుండానే పోతుంది. రెండవ నిరోధకం ఉన్నా లేనట్లే. మునుపటివలె 6 వోల్టులు. తలుపు తెరిస్తే ప్రవాహం రెండు నిరోధకాల గుండా పోవలసి వస్తుంది. బయటి నిరోధం 11.2, మొత్తం 16.8 కిలో ఓములు. పన్నెండును 11.2 చేత గుణించి 16.8 చేత భాగిస్తే సరిగా 8 వోల్టులు వస్తుంది. తీగ తెగితే 12, కలిసిపోతే 0. ఒకే జత తీగల మీద నాలుగు వేర్వేరు వార్తలు! తలుపు తెరచినప్పుడు పగలు ఊరుకొన్నా, తీగ తెగినా కలిసినా పగలే కేక వేయమని ప్యానెల్‌కు చెప్పవచ్చును.

నిరోధకం విలువ అన్ని ప్యానెళ్ళకు ఒకటి కాదు. కొన్నిటికి 1 కిలో ఓము, కొన్నిటికి 2.2, కొన్నిటికి 5.6, పెట్టెతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పాత ఇంటికి కొత్త మాడ్యూలు తగిలించేటప్పుడు ఇంటిలో ఉన్న నిరోధకాలు, మాడ్యూలు అడిగే నిరోధకాలు ఒకటేనా అని చూడడం మొదటి పని.

రెండవది మరింత ముఖ్యం. పనిలో తొందర ఉన్నవారు నిరోధకాన్ని తలుపు దగ్గరకు తీసుకుపోక, ప్యానెల్ పెట్టెలోనే మర క్రింద బిగించి మూత పెట్టివేయడం తరచు జరుగుతుంది. ప్యానెల్ 6 వోల్టులే చూస్తుంది. పచ్చ దీపం వెలుగుతుంది. తలుపు తెరిస్తే సైరను కూడా మ్రోగుతుంది. ఇంటివారు సంతోషిస్తారు. కాని పెట్టె నుండి తలుపు వరకు ఉన్న తీగలో ఎక్కడ రెండు దారాలు కలిసిపోయినా, నిరోధకం పెట్టెలోనే ఉన్నది గనుక ప్యానెల్‌కు ఎప్పటివలె 6 వోల్టులే కనిపిస్తాయి. కావలి కాయవలసిన తీగ అంతా కావలికి వెలుపల పడిపోయింది. ఎంత ఖరీదు మాడ్యూలు తగిలించినా ఈ ఒక్క తప్పు దానిని వ్యర్థం చేస్తుంది.

తలుపు స్విచ్చి గురించి రెండు మాటలు. గాజు గొట్టంలో రెండు సన్నని ఇనుప రేకులు ఎదురెదురుగా ఉంటాయి. తలుపు రెక్కకు అతికించిన అయస్కాంతం దగ్గరకు వచ్చినప్పుడు రేకులు అయస్కాంతాలై ఒకదానినొకటి ఆకర్షించి కలుస్తాయి. దీనిని 1936లో బెల్ ప్రయోగశాలలో వాల్టర్ ఎల్‌వుడ్ కనిపెట్టాడు. రేకులు గాజులో బంధింపబడి ఉండడంచేత సముద్రపు గాలి వాటిని తాకదు. విశాఖపట్టణం వంటి చోట ఇది చిన్న లాభం కాదు.

గదిలో కదలికను గుర్తించే పరికరం వేరొక విధమైనది. మనిషి శరీరం నుండి వెలువడే ఉష్ణకిరణాల తీవ్రత 9.5 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర అధికం. ఈ పరారుణ కిరణాలు తగిలి వేడెక్కినప్పుడు ఒక జాతి స్ఫటికంలో విద్యుదావేశం పుడుతుంది. దాని ముందున్న గీతల ప్లాస్టిక్కు రేకు ఫ్రెనెల్ కటకం. దీపస్తంభాల వెలుగును దూరానికి పంపేందుకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ 1820ల ప్రారంభంలో కల్పించిన కటకానికి ఇది పలుచని వారసురాలు. డాల్ఫిన్స్ నోస్ కొండమీది దీపం ఓడలకు వెలుగు పంపుతుంది. ఇది గదిలోని వెచ్చదనాన్ని తనవద్దకు చేరుస్తుంది. గదిని విసనకర్ర పుల్లలవలె భాగాలు చేసి, మనిషి ఒక భాగం నుండి మరొక దానికి దాటినప్పుడు కలిగే మార్పును స్ఫటికం గుర్తిస్తుంది. కనుక పరికరానికి ఎదురుగా నడచి వచ్చేవానికన్న అడ్డంగా దాటేవాడు సులభంగా పట్టుబడతాడు. బిగించే చోటు ఎన్నుకొనేటప్పుడు ఇది తెలిసి ఉండవలెను. మే నెలలో మేడమీద గది గోడలు 34, 35 డిగ్రీలకు చేరినప్పుడు గోడకు, మనిషి చర్మానికి ఉష్ణోగ్రతలో భేదమే ఉండదు గనుక పరికరం చూపు మందగిస్తుంది. మంచి రకాలలో దీనికి సవరణ ఉంటుంది. ఇక సరిగా కటకం మీదనే ప్రాకే బల్లి దానికి ఏనుగంత కనిపిస్తుంది.

మాడ్యూలు తగిలించే విధం

ఒక ప్యానెల్ పెట్టెలో సాధారణంగా ఆరో ఎనిమిదో జోన్లు ఉంటాయి. నిరోధకంతో ముగిసే ఒక్కొక్క వలయాన్ని ఒక జోను అంటారు. మేడమీది తలుపులు, కిటికీలకు ఒక్కొక్క జోను కావలెనంటే ఒక్కొక్క జత తీగ క్రిందికి దింపవలసి వస్తుంది. అందుకు బదులు జోన్లను పెంచే మాడ్యూలు ఒకటి మేడమీదనే పెట్టి, దాని నుండి ప్యానెల్‌కు నాలుగు తీగలు మాత్రం దించితే సరిపోతుంది. అనేక రకాలలో ఎరుపు తీగ ధనధ్రువానికి, నలుపు ఋణధ్రువానికి. తక్కిన రెండూ, తరచు పసుపు, ఆకుపచ్చ, వార్తలకు. వార్తల తీగల మీద ప్యానెల్ ఒక్కొక్క మాడ్యూలును పేరు పెట్టి పిలుస్తుంది; పిలిచినది బదులు చెబుతుంది. పాఠశాలలో హాజరుపట్టీ పిలవడం వంటిదే ఇది. పిలుపుకు బదులు రాకపోతే ప్యానెల్ వెంటనే లోపమని చాటుతుంది. నిరోధకం చేసే పనినే ఇక్కడ సంభాషణ చేస్తున్నది: మౌనాన్ని క్షేమమని నమ్మకపోవడం.

హాజరుపట్టీలో ఒకే పేరు ఇద్దరికి ఉంటే ఇద్దరూ ఒక్కసారే పలుకుతారు. అందుచేత ఒకే రకం మాడ్యూళ్ళు రెండు పెట్టినప్పుడు, పలకమీది చిన్న స్విచ్చిలను జరిపి వాటికి వేర్వేరు సంఖ్యలు ఇవ్వవలెను.

పని ప్రారంభించే ముందు ఇంటి కరెంటునూ, పెట్టెలోని బ్యాటరీనీ రెంటినీ తొలగించవలెను. చాలామంది మొదటిది తీసి రెండవది మరచిపోతారు. బ్యాటరీ 12 వోల్టులదే గదా, ప్రాణాపాయం లేదు గదా అని అనుకొనవచ్చును. మనిషికి లేకపోయినా మాడ్యూలుకు ఉన్నది; ఎరుపు తీగ జారి వార్తల మరను తాకితే చాలు, పలక చెడిపోతుంది. పెట్టెలోనికి 230 వోల్టులు వచ్చే వైపును మాత్రం అనుమతి గల వైర్‌మను తప్ప ఇతరులు ముట్టరాదు. విద్యార్థులు ఆ మూత తీయనే తీయరాదు. అలారం తీగలను ఇంటి కరెంటు తీగల గొట్టంలోనే దూర్చడం కూడా తప్పు. గొట్టంలో తొడుగు నలిగితే 230 వోల్టులు అలారంలోనికి వస్తాయి. నలగకపోయినా ప్రక్కనే మారే ప్రవాహం సన్నని వార్తలను చెరుపుతుంది. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబకోణంలో దాటించవలెను.

ఎనిమిది జోన్ల మాడ్యూలు పెట్టి మూడే వాడుకొన్నప్పుడు తక్కిన అయిదింటి మరలు ఖాళీగా ఉంటాయి. ఖాళీ మర అంటే తెగిన తీగే గదా! ప్యానెల్ అయిదు లోపాలను చూపుతుంది. వాటిని వాడుకలో లేవని ప్యానెల్‌కు తెలియజేయవలెను, లేదా ఒక్కొక్కదానికి నిరోధకం బిగించవలెను. అట్లు చేయక ఎప్పుడూ వెలిగే లోపదీపానికి అలవాటుపడినవారు నిజమైన లోపం వచ్చిన నాడు దానిని చూడరు.

జమాఖర్చు

కొత్త మాడ్యూలు తినే ప్రవాహం లెక్క చూడకుండా తగిలించడం అన్నిటికన్న ఎక్కువగా జరిగే తప్పు. పైన చెప్పిన ఇంటిలో ప్యానెల్ 100, మీటల ఫలకం 50, కదలిక పరికరాలు మూడు కలసి 45 మిల్లీ ఆంపియర్లు తీసుకొంటున్నవనుకొంటే మొత్తం 195. కరెంటు పోయినప్పుడు ఈ భారాన్ని మోసేది 12 వోల్టుల, 7 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీ. 7ను 0.195 చేత భాగిస్తే దాదాపు 36 గంటలు. ఇప్పుడు జోన్ల మాడ్యూలు 30, మేడమీద మరి రెండు కదలిక పరికరాలు 30, సెల్‌ఫోను కబురు పంపే మాడ్యూలు ఊరకున్నప్పుడు 60 కలిపితే భారం 315 అవుతుంది. బ్యాటరీ 22 గంటలకే చాలుతుంది. ఇది కొత్త బ్యాటరీ మాట. ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు మించి ప్రతి 8, 10 డిగ్రీలు పెరిగినకొద్దీ సీసపు బ్యాటరీ ఆయుర్దాయం సుమారు సగానికి తగ్గుతుంది. అటకమీద పెట్టిన పెట్టెలో మూడవ ఏటికి సామర్థ్యం సగమే మిగిలి ఉంటే, 22 గంటలు 11 అవుతాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణం వద్దనే తీరం దాటింది. నగరంలో అనేక పేటలకు చాలా రోజులు కరెంటు రాలేదు. సెల్‌ఫోను స్తంభాలు కూడా మూగపోయాయి. అట్టి విపత్తుకు ఏ ఇంటి అలారమూ నిలవదు. 26 ఆంపియర్ గంటల పెద్ద బ్యాటరీ పెట్టినా పై భారానికి మూడున్నర రోజులు కూడా రాదు. పైగా 7 ఆంపియర్ గంటలకు తయారైన ప్యానెల్ పెద్ద బ్యాటరీని తిరిగి నింపడానికి చాలా కాలం తీసుకొంటుంది. కబురు పంపే మాడ్యూలు ఉన్నది గనుక బయటి సైరను అనవసరమనే వాదం సరికాదని ఆ తుపాను చూపింది. స్తంభం మూగపోయినా వీధిలో వినిపించేది సైరను ఒక్కటే. దాని పెట్టెలోనే చిన్న బ్యాటరీ ఉన్న రకాలు దొరుకుతాయి. ప్యానెల్ నుండి వచ్చే తీగను కత్తిరిస్తే అవి తమంతట తామే మ్రోగుతాయి. మూసిన వలయపు సూత్రమే మళ్ళీ!

తీగ లావును కూడా లెక్కలోనికి తీసుకొనవలెను. ప్యానెల్ నుండి మేడమీదికి 30 మీటర్లు, పోను రాను 60 మీటర్లు అనుకొందాము. అలారాలకు వాడే సన్నని తీగ అడ్డుకోత 0.22 చదరపు మిల్లీమీటర్లు. రాగికి లెక్కవేస్తే 60 మీటర్ల నిరోధం సుమారు 4.7 ఓములు. కబురు పంపే మాడ్యూలు కూడా మేడమీదనే ఉన్నది. పంపే క్షణంలో అది 240 మిల్లీ ఆంపియర్లు తీసుకొంటే అక్కడి మొత్తం 300 అవుతుంది. 4.7 ఓములను 0.3 చేత గుణిస్తే 1.4 వోల్టులు దారిలోనే పోతున్నవి. ఇంటిలో కరెంటు ఉన్నప్పుడు సరఫరా దాదాపు 13.7 వోల్టులు గనుక మేడమీద 12.3 మిగులుతుంది; ఏ ఇబ్బందీ లేదు. పనివాడు పరీక్ష చేసి చూపించేది అప్పుడే. కరెంటు పోయి బ్యాటరీ 10.5 వోల్టులకు దిగిన రాత్రి మేడమీద మిగిలేది 9.1 మాత్రమే. మాడ్యూలుకు కనీసం 10 కావలసి ఉంటే సరిగా కబురు పంపవలసిన క్షణంలోనే అది స్పృహ తప్పుతుంది. సరఫరా తీగలు రెండూ ఒక చదరపు మిల్లీమీటరువి వేస్తే నిరోధం ఒక ఓముకు దిగి, నష్టం 0.3 వోల్టు మాత్రమే. వార్తల తీగలలో ప్రవాహం అత్యల్పం గనుక వాటిని మార్చనక్కరలేదు.

భారం ప్యానెల్ ఇవ్వగలదానిని మించితే మేడమీద వేరొక సరఫరా పెట్టె పెట్టుకొంటారు. అప్పుడు రెండు సరఫరాల ఋణధ్రువాలను తప్పక కలపవలెను, ధనధ్రువాలను కలుపరాదు. వోల్టేజి అనేది రెండు బిందువుల మధ్య భేదం. వార్తల తీగ మీద 5 వోల్టులున్నవని ప్యానెల్ అంటే తన ఋణధ్రువం నుండి 5 అని అర్థం. మాడ్యూలుకు వేరే ఋణధ్రువం ఉంటే దానికి ఆ 5కు అర్థమే లేదు. ఇద్దరు మేస్త్రీలు రెండు వేర్వేరు నేలల నుండి గోడ ఎత్తు కొలిచినట్లుంటుంది. ధనధ్రువాలను కలిపితే మాత్రం ఎక్కువ వోల్టేజి ఉన్న పెట్టె రెండవదాని భారం కూడా తానే మోయబోయి వేడెక్కుతుంది.

కబురు పంపే మాడ్యూలు చేసే మరొక అల్లరి ఉన్నది. పాత సెల్‌ఫోను రేడియో దగ్గర పెడితే వచ్చే గురగుర శబ్దం చాలామందికి గుర్తుండవచ్చును. రెండవ తరం సెల్‌ఫోను సెకండుకు సుమారు 217 సార్లు ఆగి ఆగి ప్రసారం చేయడం దానికి కారణం. ఆ తునకలే పొడుగాటి జోను తీగలలో చేరి దొంగ అలారం పుట్టించగలవు. యాంటెన్నాను తీగల కట్టకు దూరంగా ఉంచితే బాధ తీరుతుంది. డాబామీది దీపాన్ని అలారంతో వెలిగించే రిలే మాడ్యూలుకు కూడా ఒక ఉపద్రవం ఉన్నది. 12 వోల్టులకు, 400 ఓముల తీగచుట్టకు ప్రవాహం 30 మిల్లీ ఆంపియర్లే. కాని దానిని ఆపిన క్షణంలో చుట్టలోని అయస్కాంత క్షేత్రం కూలిపోతూ 12 వోల్టులకన్న ఎన్నో రెట్లు వోల్టేజి పుట్టిస్తుంది. చుట్టకు అడ్డంగా, ఎదురు దిక్కుగా ఒక డయోడు పెడితే ఆ శక్తి అందులోనే చల్లారిపోతుంది. కొన్ని పలకల మీద డయోడు ముందే ఉంటుంది. విడిగా రిలే కొన్నవారే మరచిపోతారు.

ఉప్పుగాలి

మద్దిలపాలెం సముద్రానికి దూరం కాదు. ఉప్పు కలిసిన తేమ రాగి తీగ కొసలను, మరలను పట్టుకొని పచ్చని చిలుము కడుతుంది. చిలుముకు నిరోధం ఎక్కువ. మెలివేసి పట్టీ చుట్టిన అతుకు మొదట సున్న ఓములు చూపినా, రెండు మూడు వర్షాకాలాల తరువాత కొన్ని వందల ఓములు, ఒక్కొక్కప్పుడు వేల ఓములు చూపుతుంది. 6 వోల్టులు చూపే జోను నెమ్మదిగా 6.5, 7 వైపు జరుగుతుంది. ఒక రాత్రి చల్లగాలికి అతుకు కొంచెం సడలగానే ప్యానెల్ తలుపు తెరిచారనుకొంటుంది. ఇంటివారు విసిగి ఆ జోనును ఆపివేస్తారు. దానివలన దొంగకు కలిగే మేలు కత్తెరవలన కలిగేదానికన్న తక్కువ కాదు. కళాయి పూసిన తీగలు వాడడం, అతుకులను టంకం వేసి మూయడం, బయటి పెట్టెల అడుగున తప్ప పైన రంధ్రాలు చేయకపోవడం ఇక్కడ తప్పనిసరి.

తరగతి గదిలో

నాలుగు వార్తల సంగతి ఒక పీరియడులో చూపవచ్చును. 12 వోల్టుల బ్యాటరీ, 5.6 కిలో ఓముల నిరోధకాలు మూడు, రీడు స్విచ్చి, ఒక అయస్కాంతం, వోల్టేజి కొలిచే మీటరు కావలెను. ఒక నిరోధకం ప్యానెల్ లోపలిది. తక్కిన రెండూ తలుపు దగ్గరవి. అయస్కాంతాన్ని దగ్గరకు తెస్తే 6, దూరం చేస్తే 8, తీగ లాగివేస్తే 12, తీగలు కలిపితే 0 రావలెను.

మీటరు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. పాఠశాలల్లో ఉండే ముల్లు వోల్టు మీటరు వోల్టుకు 1000 ఓముల రకమైతే 15 వోల్టుల కొలత మీద దాని నిరోధం 15 కిలో ఓములు. అది 5.6కు సమాంతరంగా చేరి దానిని 4.1కు తగ్గిస్తుంది, ముల్లు 6 దగ్గర కాక 5 దగ్గర నిలుస్తుంది. తీగ లాగివేసినప్పుడు 12 బదులు 8.7 చూపుతుంది. తెగిన తీగకు, తెరచిన తలుపుకు తేడా చూపడానికే ఇంత ఏర్పాటు చేసుకొంటే మీటరు ఆ తేడాను మింగివేస్తుంది. లక్షల ఓముల నిరోధం గల అంకెల మల్టీమీటరుతో కొలిస్తే లెక్కలు సరిపోతాయి. రెండు మీటర్లూ ఉన్న పాఠశాలలో రెంటితోనూ కొలిపించి, తేడా ఎందుకు వచ్చినదో విద్యార్థుల చేతనే లెక్క కట్టించవచ్చును.

ఇంటిలో మాడ్యూలు తగిలించిన తరువాత చేయవలసిన పరీక్ష కూడా ఇదే. తలుపులు తెరచి చూడడంతో సరిపెట్టరాదు. ఒక్కొక్క జోనుకు తలుపు దగ్గరనే తీగ ఊడదీసి చూడవలెను. తీగలు కలిపి చూడవలెను. మాడ్యూలు వార్తల తీగ ఒకటి తీసి చూడవలెను. తరువాత ఇంటి కరెంటు ఆపి, ఒక రాత్రి అంతా బ్యాటరీ మీద నడిపి, తెల్లవారుజామున కబురు పంపించి చూడవలెను. ఈ పరీక్ష పండుగకు బయలుదేరే నాడు కాక, అంతకు పదిహేను దినాల ముందే జరిపితే, పాత బ్యాటరీ బదులు కొత్తది తెచ్చి పెట్టడానికి వ్యవధి ఉంటుంది.